కిక్కు లేని బండి

ఉదయగిరి,
9 జూన్ 2024

వరప్రసాదానికి,

నీ ఫోన్లు ఎత్తలేదు. ఇకముందు కూడా ఎత్తను. ఫోన్లో అన్న మాట మర్నాటికి మారిపోతుంది. అడగవలసింది కాగితం మీద అడుగుతున్నాను. కాగితం మీదే చెప్పు.

మీ అక్క పోయిన రోజు జరిగింది నీకు ముక్కలుగా తెలుసు. వరుసగా రాస్తాను. పోయిన అక్టోబరులో ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాం. రమణి గిన్నెలు సర్దుతూ గుండె మీద చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. చెమటలు పట్టాయి. 108కి ఫోన్ చేశాను. బండి వేరే కేసు మీద పోయిందన్నారు. వీధిలో ఆటోలు లేవు. ఆటోవాళ్ళందరూ వింజమూరు పెళ్ళికి కిరాయికి పోయారు.

నువ్వు ఇప్పించిన బండి బయటికి తీశాను. బటన్ నొక్కాను. టక్ మంది. మళ్ళీ నొక్కాను. ఆ టక్ కూడా లేదు. కాలు అలవాటుగా పక్కకు పోయింది. అక్కడ కిక్ రాడ్ లేదు.

ఎదురింటి శీనయ్య పరుగెత్తుకొచ్చాడు. "తోద్దాం సార్. వాలు ఉండాది గదా. సెకండ్ గేర్లో వేసి క్లచ్ వదులు" అన్నాడు. దుర్గం కొండ కింద వాళ్ళమందరం బళ్ళు అట్లాగే స్టార్ట్ చేసుకుంటూ బతికాం. నలుగురు చేరారు. వాలులోకి తోశాం. పైకి లాక్కొచ్చాం. మళ్ళీ తోశాం. బ్యాటరీ పూర్తిగా చచ్చిన ఈ కొత్త రకం బండి తోసినా స్టార్ట్ కాదని మాలో ఎవరికీ తెలియదు. రమణి అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూస్తూనే ఉంది.

చివరికి పాల వ్యాను దొరికింది. కాస్త ముందు తెచ్చి ఉండాల్సింది అన్నాడు డాక్టరు.

నాకు కావలసినవి రెండు జవాబులు. నీ షాపులో ఆ బండి బ్యాటరీ ఎప్పుడైనా మార్చారా? ఎక్స్ఛేంజి కింద నువ్వు తీసుకున్న నా పాత కిక్ బండి ఎవరికి అమ్మావు?

జయపాల్

*

ఆత్మకూరు,
15 జూన్ 2024

ప్రియమైన బావకు,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు బావా. మా ఇంటిది సుకుమారి కూడా ఏడ్చింది. అమ్మకు చదివి వినిపించలేదు. ఆమె ఇప్పటికీ రోజూ అక్క ఫోటో ముందర కూర్చొని బైబిలు చదువుకుంటా ఉండాది.

బ్యాటరీ సంగతి అడిగినావు. కంపెనీ వేసి పంపిందే బావా అది. మనం దాన్ని ముట్టుకోలేదు. బ్యాటరీ అనేది మనిషి లెక్కనే, ఎప్పుడు పోతాదో చెప్పలేం. నువ్వు కాలేజీకి నడిచి పోతావు, బండి వారాల తరబడి కదలదు. అట్టా నిలబెడితే ఏ బ్యాటరీ అయినా దిగిపోతాది. తప్పు పట్టుకోబాక, ఉన్న మాట చెప్తున్నా. నీ మనసు కుదుటపడతాదంటే ఒక కొత్త బ్యాటరీ పంపిస్తాను. డబ్బులు వద్దు.

పాత బండి కలువాయి పక్క ఎవరికో పోయింది. ఆ బండి మాట ఎత్తినావు, నాకు అక్క కళ్ళముందర మెదిలింది. నీ మోకాలు పాడైనాక అక్కే గదా కిక్ కొట్టి ఇచ్చేది. కుచ్చిళ్ళు దోపుకొని ఒక్క దెబ్బకి లేపేది. "సారుకి సెల్ఫ్ స్టార్టర్ ఇంట్లోనే ఉండాది" అని శీనయ్య మామ ఎగతాళి చేసేవాడు. అక్కకి ఆ కష్టం ఎందుకనే గదా నేను కొత్తది ఇప్పించింది. నువ్వు వద్దు వద్దంటే, "ఈ కాలంలో కిక్ ఏంది బావా, బటన్ నొక్కు, పో" అన్నాను. మంచికే అన్నాను.

ఇంకొక సంగతి. ఇప్పుడు చెప్పేది కాదు గానీ చెప్పక తప్పదు. కంపెనీ వాళ్ళు వచ్చి చూసి పోయినారు. పెద్ద షోరూం ఇస్తామంటున్నారు. అయితే మన షాపు స్థలంలో రోడ్డు పక్క ముందు భాగం నీ పేరున ఉండాది. అక్క తన జీతంలో కూడబెట్టి కొని నీ పేరున రాయించింది. ఇన్నాళ్ళూ మనం మనం అనుకొని వాడుకున్నాను. ఇప్పుడు నీ సంతకంతో లీజు కావాలంట. ఈ ఏడాది లోపల ఇవ్వకపోతే వేరే వాళ్ళకి పోతాది. నిదానంగా ఆలోచించు.

నీ బామ్మర్ది,
వరం

*

ఉదయగిరి,
7 జూలై 2024

వరప్రసాదానికి,

కొత్త బ్యాటరీ పంపవద్దు.

పాతదాన్ని మే నెలలో నేనే విప్పాను. అడుగున ఎర్ర రంగుతో 'మ' అని రాసి ఉంది. బ్రష్షుతో పెట్టిన అక్షరం. కంపెనీవాళ్ళు బ్రష్షుతో రాయరు. ఈ సంగతి మొదటి ఉత్తరంలో రాయలేదు. నువ్వేం చెబుతావో చూద్దామనుకున్నాను. చెప్పావు.

సోమశిల వైపు పెద్ద రైతులు మోటార్లకూ ట్రాక్టర్ బ్యాటరీలకూ ఇంటి అక్షరం పెట్టుకుంటారని నీకు తెలుసు. మీ షాపుకు వచ్చేవాళ్ళలో అలా రాసుకునే 'మ' ఎవరని సుకుమారిని అడిగాను. ఎందుకని అడగకుండానే చెప్పింది. అనంతసాగరం మల్లికార్జున. బస్సెక్కి వెళ్ళాను.

ఆయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు.

"మా నాయన కాలం నించీ వాడుక సార్. బిందె కాడి నించి బ్యాటరీ దాకా గుర్తు పెట్టాల్సిందే. లేకపోతే రిపేరోళ్ళు కళ్ళముందరే మార్చేస్తారు. మీరు పెట్టుకోలేదా?"

"లేదు. మా బావమరిది షాపు."

ఆయన పెద్దగా నవ్వాడు. "అట్టయితే ఇంకా పెద్ద అక్షరం పెట్టాల!"

తర్వాత తనే చెప్పాడు. ఒక రోజు నీ షాపు దగ్గర ఆయన బండి బ్యాటరీ చచ్చి సెల్ఫ్ పోయింది. ఏదో పంచాయితీకి తొందరగా వెళ్ళాలి. నీ దగ్గర స్టాకు లేదు. ఆయన కేకలేశాడు. మొదటి సర్వీసుకు వచ్చిన బండి పక్కన నిలబడి ఉంది. దానిలోది పెరికి ఆయనకు వేశావు. ఆయనది దానిలో పెట్టావు. "ఎవురిదబ్బయ్యా ఇది, గొడవలొస్తాయేమో" అని ఆయన అడిగాడట. "మా బావది లేండి. ఇంటోళ్ళే గదా, వాళ్ళు అడగరు" అన్నావట.

వాకిట్లో ఆయన బండి చూశాను. దానికి కిక్ రాడ్ కూడా ఉంది. ఆ రోజు కిక్ కొట్టి వెళ్ళవచ్చు కదా అని అడిగాను.

"పదిమందిలో పంచె ఎగ్గట్టుకొని తన్నేదేంది సార్, బాగుంటాదా?"

ఆయనకు మీ అక్క సంగతి చెప్పలేదు. మజ్జిగ తాగి వచ్చేశాను.

జయపాల్

*

ఆత్మకూరు,
12 జూలై 2024

బావా,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చించినాను.

నిజమే. నేనే చేసినాను. ఆయన పెద్ద గిరాకీ. వాళ్ళ ఊరి బళ్ళన్నీ ఆయన మాట మీద మన షాపుకే వస్తాయి. జనంలో నిలబెట్టి అరుస్తా ఉన్నాడు. నీ బండి కనపడింది. రెండు రోజుల్లో స్టాకు వస్తాది, నేనే ఉదయగిరి వచ్చి కొత్తది వేసి పోదాం అనుకున్నాను. ఆయనదాన్ని రాత్రంతా ఛార్జింగు పెట్టి నీకిచ్చినాను. స్టాకు వచ్చింది బావా. వచ్చిన రోజే బయటోళ్ళు వచ్చి కూర్చున్నారు. వాళ్ళకి ఇయ్యకపోతే పక్క షాపుకి పోతారు. నువ్వు యాడికీ పోవు. వచ్చే లోడులో చూద్దాం అనుకున్నాను. మళ్ళీ వచ్చే లోడులో అనుకున్నాను. తర్వాత మరిచిపోయినాను.

మన షాపుల్లో అందరూ ఇంతే బావా. బయటోడికి ముందు, ఇంటోడికి తర్వాత. బయటోడు తిడతాడు, ఇంటోడు సర్దుకుంటాడు. నేను తప్పించుకోవడానికి రాయడం లేదు. కిక్ రాడ్ ఉండే బండికి మంచిది వేసి, లేని బండికి చచ్చింది వేసినాను. ఈ మాట నాలోపల ఎనిమిది నెలలుగా తిరగతా ఉండాది. ఆ ఆదివారం శీనయ్య మామ ఫోన్ చేసి "బండి స్టార్ట్ కాలేదురా" అన్నప్పుడే నాకు అర్థమైంది. సమాధి కాడ మట్టి వేసేటప్పుడు నీ మొహం చూడలేకపోయినాను.

అక్క నాకు అక్క కాదు బావా. మీకు పిల్లలు లేరని నన్నే బిడ్డ మాదిరి పెంచింది. నీకు తెలుసు.

కోర్టుకి పోతావా, పో. షాపు కాడికి వచ్చి నలుగురి ముందర చెప్పుతో కొడతావా, కొట్టు. రెండు ఉత్తరాలు రాసినావు, ఒక్క తిట్టన్నా తిట్టలేదు. నాకు అదే భయంగా ఉండాది. ఒక్క తిట్టు తిట్టు బావా.

అమ్మకు మాత్రం చెప్పబాక. తెలిస్తే నా ఇంట్లో నీళ్ళు కూడా తాగదు. లీజు సంగతి ఇప్పుడు అడిగే మొహం నాకు లేదు. కంపెనీ వాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకుంటాను.

వరం

*

ఉదయగిరి,
4 ఆగస్టు 2024

వరం,

ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి కారణమేమీ లేదు. ఇంటివాడివే కదా, ఆగుతావనుకున్నాను.

కోర్టుకు పోను. షాపుకు వచ్చి గొడవ చేయను. లీజు సంగతి కూడా కాదనలేదు. కంపెనీవాళ్ళతో ఏమీ చెప్పుకోవలసిన అవసరం లేదు. ఏడాది చివరి వరకు గడువుందన్నావు. ఆ లోపల నా నిర్ణయం చెబుతాను.

అక్టోబరులో మీ అక్క జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నాను. పాస్టరుగారితో మాట్లాడాను. మీ అమ్మను తీసుకుని రండి. దానికి ముందు నువ్వు ఒక పని చెయ్యాలి. నా పాత బండి ఎక్కడుందో వెతుకు. కొను. బాగు చేయించు. కూడిక రోజు నువ్వే దాన్ని నడుపుకుంటూ ఇక్కడికి రా. వేరెవరూ దానికి కిక్ కొట్టకూడదు. దారిలో ఆగినా నువ్వే కొట్టాలి. మీ అమ్మ, సుకుమారి బస్సులో వస్తారు.

మీ అక్క అంత బాగా కొట్టాలి.

జయపాల్

*

ఆత్మకూరు,
22 సెప్టెంబరు 2024

బావకు,

బండి దొరికింది! దేవుని కృప. కలువాయి అవతల ఒక పాలాయన దగ్గర ఉండాది. రెండు పక్కలా క్యాన్లు కట్టి, సీటు మీద గోనెసంచి కప్పి, అది బండో గాడిదో తెలియకుండా చేసినాడు. అమ్మనన్నాడు. "ఇది ఎండకీ వానకీ స్టార్ట్ అయితాదయ్యా. మీ బటన్ బండి ఇస్తే దారిలోనే పాలు విరిగిపోతాయి" అని నాకే పాఠం చెప్పినాడు. మూడుసార్లు తిరిగి కాళ్ళా వేళ్ళా పడి తెచ్చినాను. ఇంజను విప్పించి, రింగులు మార్పించి, మళ్ళీ నల్లరంగు వేయించినాను. ట్యాంకు మీద నువ్వు గీయించుకున్న తెల్లగీత కూడా వేయించినాను.

కొట్టడం మాత్రం రాలేదు బావా. నేను షాపు పెట్టినప్పటి నించీ బటన్ నొక్కేవాడినే. మొదటి వారం కిక్ రాడ్ ఎదురుతన్ని పిక్క వాచిపోయింది. మన మెకానిక్ సామ్యేలు పక్కకి తిరిగి నవ్వుకుంటా ఉన్నాడు. "ఓనరు నాట్యం నేర్చుకుంటున్నాడు" అని టీ అంగట్లో చెప్పినాడంట. నవ్వుకోనీ.

చివరికి అమ్మ చెప్పింది. వరండాలో కూర్చొని చూస్తా చూస్తా ఉండి, "అట్ట తన్నేది కాదురా. రమణి ఏం చెప్పేదంటే, ముందు మెల్లిగా తొక్కాలంట, లోపల అడ్డం తగిలే దాకా. తగలంగానే కొంచెం వదిలి, అప్పుడు ఒక్క తూరి. బండిని తన్నబాకరా, అడుగు అనేది" అని చెప్పింది. అట్టా అడిగినాను బావా. లేచింది. ఆ చప్పుడు విని అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకునింది. నేను బండి మీదనే కూర్చొని చాలాసేపు ఏడ్చినాను.

ఇప్పుడు రోజూ పొద్దున దాన్ని స్టార్ట్ చేసినాకనే షట్టర్ ఎత్తుతున్నాను. ఈ పని నాకెందుకు చెప్పినావో ఇప్పుడు తెలుస్తా ఉండాది. నువ్వు నన్ను బాగుచేస్తున్నావు. నీది పెద్ద మనసు.

కూడికకి వస్తున్నాము.

వరం

*

ఆత్మకూరు,
24 అక్టోబరు 2024

ప్రియమైన బావకు,

ఇంటికి క్షేమంగా చేరినాము. అమ్మ బస్సులో దారిపొడుగునా నిన్నే పొగిడింది. "అల్లుడు కాదు, కొడుకు" అనింది.

కూడిక బాగా జరిపినావు. నువ్వు లేచి నాలుగు మాటలు మాట్లాడతావు, అందులో నా పేరు వస్తాదని నేను కుర్చీ పట్టుకొని కూర్చున్నాను. నువ్వు మాట్లాడనేలేదు. నా విస్తట్లో నువ్వే కూర వడ్డించినావు. ఆ ముద్ద ఎట్టా మింగినానో నాకే తెలుసు.

భోజనాలైనాక నువ్వు అందరి ముందర "బండి బాగా తయారు చేసినావంట, ఒకసారి స్టార్ట్ చేసి చూపించు" అన్నప్పుడు సంతోషమే అనిపించింది. ఆత్మకూరు నించి మీ ఇంటి దాకా ఒక్క తూరి కూడా మొరాయించలేదు గదా. తీరా చూస్తే లేవదు! అమ్మ చెప్పినట్టే మెల్లిగా తొక్కినా. లేవలేదు. గట్టిగా కొట్టినా. లేవలేదు. చొక్కా తడిసి వీపుకి అంటుకునింది. శీనయ్య మామ "ఏమబ్బయ్యా, షోరూములో బటన్ మరిచిపోయి వచ్చినావా?" అంటే అందరూ నవ్వినారు. కొంతసేపటికి ఆ నవ్వు కూడా ఆగిపోయింది. ఎవురూ కదల్లేదు. నేను తంతానే ఉన్నా. చెప్పు ఊడిపోతే ఒట్టి కాలితోనే తన్నినా. నువ్వు అరుగు మీద కూర్చొని చూస్తానే ఉన్నావు.

తర్వాత నువ్వే వచ్చి, వంగి ఇంజను కాడ చెయ్యి పెట్టి ఏదో చూసి, నొప్పి కాలితోనే ఒక్క కిక్ కొట్టినావు. లేచింది. నీ చెయ్యి మంచిది బావా. అక్క చెయ్యి నీకు వచ్చినట్టుండాది.

బండి నీ దగ్గరే పెట్టి వచ్చినాను. అది నీది. నన్ను క్షమించినావని ఇప్పుడు నాకు నమ్మకం కుదిరింది. కంపెనీ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసినారు. లీజు కాగితాలు దీంతో పంపిస్తున్నాను. టిక్కు పెట్టిన కాడ సంతకం పెట్టి పంపు. తొందరేం లేదు. నెలాఖరు లోపల అయితే చాలు.

నీ వరం

*

ఉదయగిరి,
17 నవంబరు 2024

వరం,

నీ కాగితాలు సంతకం లేకుండా దీనితోపాటు తిప్పి పంపుతున్నాను.

ముందు బండి సంగతి. అది చెడిపోలేదు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా నేను బయటికి వెళ్ళి ప్లగ్ క్యాప్ పైకి లాగి ఉంచాను. వంగి చేసింది దాన్ని తిరిగి నొక్కడమే. నువ్వు నేర్చుకున్నది సరిగ్గానే నేర్చుకున్నావు. క్యాప్ ఊడి ఉంటే మీ అక్క కూడా దాన్ని లేపలేకపోయేది. బండి లేవకపోవడం, నలుగురూ నిలబడి ఉండడం, అరుగు మీద నుంచి ఒకరు చూస్తూ ఉండడం ఎలా ఉంటుందో నీకు తెలియాలనుకున్నాను. నేను తోసినంతసేపు నువ్వు తన్నలేదు. మధ్యలోనే లేచి వచ్చాను. మీ అమ్మ నీ కాళ్ళవైపు చూసి ఏడుస్తోంది కనుక.

ఇక స్థలం. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాను. ఈ ఇల్లు శీనయ్య కొడుక్కు అద్దెకిచ్చాను. ఆత్మకూరు వస్తున్నాను. ముందు భాగంలో నేనే ఒక షాపు పెడుతున్నాను. ఒకటో తేదీకల్లా నీ సామాను అక్కడి నుంచి వెనక్కి జరుపుకో. నీ గిరాకీ లోపలికి రావడానికి పక్కన దారి వదులుతాను. బండి పట్టేంత దారి. ఇంటోళ్ళమే కదా, సర్దుకుందాం.

షాపులో బ్యాటరీలు తప్ప ఇంకేమీ ఉండవు. నీ దగ్గర పని మానేస్తానని సామ్యేలు నీకు ఈపాటికి చెప్పి ఉంటాడు. అతను నా దగ్గరికి వస్తున్నాడు. మా దగ్గర వేసే ప్రతి బ్యాటరీ మీద ఎర్ర రంగుతో కొన్నవాళ్ళ అక్షరం రాసి ఇస్తాం. బయటివాళ్ళకైనా ఇంటివాళ్ళకైనా.

బోర్డు నెల్లూరులో రాయించాను. 'రమణి బ్యాటరీస్'. నువ్వు ప్రతి ఉదయం షట్టర్ ఎత్తడానికి దాని కింద నుంచే నడవాలి. రమణి ఎవరని నీ గిరాకీ అడుగుతుంది. ఏం చెబుతావో అది నీ ఇష్టం.

మీ అమ్మకు నేను ఏమీ చెప్పలేదు. చెప్పను. మాట ఇవ్వలేదు గానీ నిలబెట్టుకుంటాను. బోర్డు పెద్ద అక్షరాలతో రాయించాను. బైబిలు చదివే కళ్ళకు అది చాలు. కూతురి పేరు పక్కన ఆ రెండోమాట ఎందుకు పెట్టారని ఆమె అడుగుతుంది. నన్ను కాదు, నిన్నే అడుగుతుంది. నువ్వే చెప్పు.

పాత బండి నా షాపు ముందు ఉంటుంది. దాన్ని రోజూ నేనే స్టార్ట్ చేస్తాను. మోకాలు నొప్పి పెడుతుంది. పెట్టనీ. వెనక కూర్చున్నా నీకు ఆ చప్పుడు వినపడుతుంది.

ఒక్క తిట్టు తిట్టమని అడిగావు. అది నా చేతిలో లేదు. ఆ రోజు రెండోసారి బండిని వాలులోకి తోయబోతుంటే మీ అక్క అరుగు మీద నుంచి పిలిచింది. పాతది ఉంటే తనే కొట్టి ఇచ్చేదాన్నంది. నవ్వబోయింది, రాలేదు. తర్వాత అంది: "బ్యాటరీ పోయినట్టుండాది. వరానికి చెప్పండి, మారుస్తాడు. వాణ్ణి తిట్టబాకండి."

అదే ఆమె ఆఖరి మాట.

నా ఉత్తరాలన్నీ నీ దగ్గరే ఉన్నాయి. తిరగేసి చూసుకో. తిట్టు ఎక్కడా లేదు.

ఇక నీ ఇంటివాడు,
జయపాల్